ఎడమ కింది మూల

16 జూన్ 2025, సోమవారం

తమ్ముడు వేణు పాత ల్యాప్‌టాప్ నా గదిలోకి వచ్చింది. దానితో పాటు పనీ వచ్చింది. శ్రావణానికి అమ్మే చీరల ఫోటోలు ఇకమీదట నేనే తీయాలి, నేనే దిద్దాలి. ఇన్నాళ్లూ తీసినవాళ్లు పెళ్లిళ్ల ఆర్డర్లున్నాయని తప్పుకున్నారు. కొట్టుకొచ్చి చీర ముట్టుకుని కొనేవాళ్లు తగ్గిపోయారు, అందరూ ఇన్‌స్టాలో చూసేవాళ్లే, ఫోటో బాగోకపోతే మన పని అయిపోయినట్టే అక్కా అన్నాడు తమ్ముడు.

వాడి భార్య ప్రత్యూష వెంటనే, రంగుల విషయంలో వదినను మించినవాళ్లు వన్‌టౌన్ మొత్తమ్మీద ఎవరున్నారు అంది. మా మరదలు పొగిడిందంటే పని ఒప్పజెప్పేసిందనే.

అబద్ధం మాత్రం కాదు. పెడనలో మా మగ్గాల మీదికెక్కే నూలుకు రంగు ఖాయం చేసేది నేనే. నాన్న పోయినప్పటి నుంచీ అంతే. అద్దకమయ్యాక నూలు చిలప, అంటే ఒక కట్ట, తెచ్చి చూపిస్తారు. ఎండలోకి పట్టుకెళ్లి చూసి సరే అంటాను, లేదా వెనక్కి పంపుతాను. పెద్దక్క కన్ను పడితే గానీ మగ్గం కదలదని ఇంట్లో మాట. నాకు పెళ్లి కాలేదు. ఉద్యోగం లేదు. ఈ ఇంట్లో నా చోటు ఆ కన్నే.

18 జూన్

మొదటి చీరే మొండికేసింది. నెమలికంఠం రంగు, రెండు వైపులా వంకాయ రంగు అంచు, అంచు నిండా జరీ. జరీ తెలిసేలా తీస్తే అంచు నల్లబడింది. అంచు తెలిసేలా తీస్తే జరీ తెల్లగా కాలిపోయింది.

బెంజ్ సర్కిల్ దగ్గర సందులో స్టూడియో నడిపే ఫరహత్‌కు ఫోన్ చేశాను. ఒకటే చీరను కదపకుండా మూడుసార్లు తియ్యాలక్కా అంది. ఒకటి చీకటిగా, ఒకటి మామూలుగా, ఒకటి బాగా వెలుతురుగా. మూడూ కలిపేస్తే నీడలో ఉన్నదీ కనబడుతుంది, వెలుగులో ఉన్నదీ కనబడుతుంది, దాన్నే హెచ్‌డిఆర్ అంటారు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు బోలెడు, అన్నీ వాడి చూసి ఆ తర్వాత కొను అంది. తన కెమెరా, స్టాండు కూడా పంపింది. పడేసినా పరవాలేదు, నువ్వు పడెయ్యవుగా అంది.

20 జూన్

లూమినెన్స్ అని ఒకటి దించుకున్నాను. ఉచితం. అందులో నీడలు ఎత్తే పద్ధతులకు మాంటియుక్, ఫత్తాల్ అని పేర్లు. మనుషుల పేర్లట. ఎవరో ఏమో, దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టాను.

ఫ్యాను గాలికి కొంగు కదిలింది. మూడూ కలిపితే కొంగు మీద ఇంకో కొంగు, పొగలాగా. ఫ్యాను ఆపి మళ్లీ తీశాను. చెమటకు జాకెట్టు తడిసిపోయింది గానీ, జరీ పోగు పోగూ విడివిడిగా వచ్చింది.

ఒక్కటే లోటు. ఎడమ కింది మూల మసకగా ఉంది. కిటికీ కుడివైపు ఉంది కదా, అందుకేమో.

23 జూన్

కిటికీకి ఎదురుగా, ఎడమవైపున తెల్లటి థర్మోకోల్ అట్ట నిలబెట్టాను. సాఫ్ట్‌వేరూ మార్చాను. ఇప్పుడు డార్క్‌టేబుల్. ఇదీ ఉచితమే, కానీ విమానం నడిపినట్టుంది, ఎటు చూసినా మీటలు.

ఎడమ కింది మూల అలాగే ఉంది.

ప్రత్యూషను పిలిచి చూపించాను. ఏ మూల వదినా, శుభ్రంగా ఉంటేనూ అంది. ఫోన్ చూసుకుంటూనే అంది. శ్రద్ధగా చూడదు.

26 జూన్, ఉదయం 5.30

పూజ దగ్గర్నుంచి లేచి నేరుగా వచ్చి రాస్తున్నాను.

సహస్రనామం చదువుకుంటున్నాను. రెండు కుందులూ వెలిగించాను, రెండూ నిలకడగా వెలిగాయి. సగంలో అమ్మవారి ముఖం వైపు చూశాను. ఎడమ దీపం లేదు. ఆరిపోయిందనుకున్నాను. అటు తిరిగాను. వెలుగుతోంది.

మళ్లీ అమ్మ ముఖం చూశాను. ఆరిపోయింది. దీపం వైపు చూశాను. వెలుగుతోంది.

నామం మధ్యలో ఆపకూడదు. ఆపకుండా పూర్తి చేశాను. ఏం చదివానో నాకు తెలియదు.

అమ్మకు నేను చేసిన అపచారం ఏమిటి?

27 జూన్

గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టాను. చక్కగా పగిలింది. భయం పోలేదు.

30 జూన్

వాకిట్లో ముగ్గు వేసి లేచాను. ప్రత్యూష చూసి, ఈ మూల ఎలక కొరికిందా వదినా అని నవ్వింది. ఒక వైపు చుక్కలు కలపకుండా వదిలేశానట. ఏ వైపని నేను అడగలేదు. తనే వంగి కలిపేసింది.

3 జూలై

మూడో సాఫ్ట్‌వేర్. ఇది కొనుక్కునేది, కొనేదాకా ఊరికే వాడుకోవచ్చు. కాకపోతే ప్రతి బొమ్మ మీదా అడ్డంగా తన పేరు ముద్ర వేస్తుంది. పరవాలేదు, ఇందులో బ్రష్ బాగుంది. ఎక్కడ రుద్దితే అక్కడి నీడ లేస్తుంది.

ఎడమ కింది మూల రుద్దాను. మూల ఒక్కటే తేలితే అతికినట్టుంటుందని ఎడమ అంచు మొత్తం, పైదాకా రుద్దాను. నా కంటికి ఇప్పటికి సరిపోయింది. ముద్ర లేకుండా చేయడానికి ఇవే కొలతలతో డార్క్‌టేబుల్‌లో మళ్లీ చేసి, ప్రత్యూషకు పంపాను. వెంటనే పెట్టేసింది.

7 జూలై

ఇల్లంతా సందడి. నేను తప్ప.

ఆ ఫోటోకు ఫోన్లే ఫోన్లు. హైదరాబాద్ నుంచి, రాజమండ్రి నుంచి. అందరికీ అదే చీర కావాలట. గంగా జమున అంచు చీర. అంటే ఒకవైపు అంచు ఒక రంగు, రెండోవైపు అంచు ఇంకో రంగు. ఫోటోలో కుడి అంచు వంకాయ, ఎడమ అంచు లేత ఊదా.

అలాంటి చీర మా దగ్గర లేదు. నేసింది రెండు వైపులా వంకాయే.

పెడన నుంచి మరిది దుర్గాశంకర్ ఫోన్ చేశాడు. నా చెల్లెలు నాగదుర్గ భర్త, అక్కడి మగ్గాలు చూసేది అతనే. వదినగారూ, నేను నేయించని చీరను మీరు ఎలా ఫోటో తీశారండీ, నాకు తెలియకుండా ఇంకో మగ్గం పెట్టారా ఏంటి అన్నాడు. నవ్వుతున్నాడు. వెనక నుంచి నాగదుర్గ, మా పెద్దక్క కావాలనే చేసింది, జనానికి ఏది నచ్చుతుందో ఫోటోలో పెట్టి చూసింది, మీకేం తెలుసు అంటోంది. వేణు కూడా అదే అనుకున్నాడు. పెద్దక్క కన్ను అంటే మాటలా అన్నాడు.

ఊదా నూలు అద్దకానికి పంపేశారు.

ప్రత్యూష ఫోన్‌లో ఆ ఫోటో అడిగి తీసుకున్నాను. అంచు మీద కన్ను ఆనించి, పై నుంచి కిందికి చూశాను. తెల్లబడిపోయి ఉంది. అంత తెల్లగా ఉంటే ఆ రోజు నాకెందుకు కనబడలేదు?

11 జూలై

ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కొనేస్తే మంచిదని ఫరహత్ దగ్గరికి వెళ్లాను. తక్కువ ధరలో ఒకటి తనే కొనిపెట్టింది. నా ఫోటోలు చూసి, ఎడమవైపు ఎందుకక్కా అంత రుద్దేస్తున్నావ్, పాపం అంచు పాలిపోయింది అంది. మసకగా ఉంది కదా అన్నాను. ఫరహత్ స్క్రీన్ చూసి, నా ముఖం చూసింది. ఒకటే బొమ్మ చాలాసేపు చూస్తే కన్ను మోసం చేస్తుంది, బొమ్మను అద్దంలో లాగా కుడి ఎడమలు తిప్పి చూడు, ఫ్లిప్ అని ఉంటుంది, తప్పులన్నీ బయటపడతాయి అంది.

తిరిగి వచ్చేటప్పుడు బెంజ్ సర్కిల్ దాటుతున్నాను. చూసే దాటాను. ఎడమ నుంచి బైకు. నా చీర కుచ్చిళ్లకు రాసుకుంటూ పోయింది. ఇంత హారన్ కొడుతుంటే చూడవా పెద్దమ్మా, చావడానికి నా బండే దొరికిందా అని అరిచాడు. హారన్ విన్నాను. బైకు ఎక్కడా లేదు. లేదు, లేదు, ఉంది.

ఆటో ఎక్కాను. ఆటో అతను మంచినీళ్లు కావాలా అమ్మా అని అడిగాడు.

12 జూలై

కొన్నదానిలోనూ ఆ మూల అలాగే ఉంది.

15 జూలై, మధ్యాహ్నం

వేణు కొట్లో, ప్రత్యూష పుట్టింట్లో. ఇంట్లో నేనొక్కదాన్నే.

నెమలికంఠం చీర బొమ్మ తెరిచాను. బ్రష్ పెట్టనిది, అసలుది. మధ్యలో నెమలి బుటా ఒకటుంది, దాని మీద చూపు నిలిపాను. ఎడమ కింది మూల మసక. సరే.

ఫ్లిప్ నొక్కాను. కొంగు ఇటు నుంచి అటు పోయింది. నెమలి ముక్కు అటు తిరిగింది. చీరలో నీడ ఉంటే అదీ అటు పోవాలి.

పోలేదు.

ఎడమ కింది మూలే.

లూమినెన్స్‌లో తిప్పాను. డార్క్‌టేబుల్‌లో తిప్పాను. చీర తిరుగుతోంది, నీడ తిరగడం లేదు. ల్యాప్‌టాప్ మూసేసి ఎదురుగా తెల్లగోడకున్న మేకు వైపు చూశాను. గోడకు ఎడమ కింద నీడ. కుడి కన్ను మూశాను. నీడ కాదు, అక్కడ గోడే లేదు.

అమ్మా. ఇన్నాళ్లూ నీ దీపం ఆరలేదు.

16 జూలై

నాన్న గుర్తుకొస్తున్నాడు. ఆఖరు రోజుల్లో మగ్గం మీద ఎడమ పక్క పోగు తెగినా చూసుకునేవాడు కాదు. నేసుకుంటూ పోయేవాడు. బజార్లో ఎవరైనా ఎడమ నుంచి పలకరిస్తే మెడ మొత్తం తిప్పి చూసేవాడు. పాండురంగయ్యకు గీర పెరిగిందన్నారు. చివరికి గోడ పట్టుకుని నడిచాడు. వయసు మీద పడిందనుకున్నాం. ఆయనకు అప్పటికి నా వయసే.

19 జూలై

జపం లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ తప్పింది.

23 జూలై

ఫరహత్ వెంట వచ్చింది. నేను అడగలేదు. నీ ముఖం చూసిన రోజే అనుకున్నానక్కా, నోరు విప్పి అడగడానికి భయమేసి ఆ ఫ్లిప్ సంగతి చెప్పాను అంది. కళ్ల ఆసుపత్రిలో నా ఎడమ పక్కనే నడిచింది.

చీకటి గదిలో గిన్నె లాంటి మిషన్‌లో గడ్డం పెట్టించారు. ఒక కన్ను మూశారు. మధ్య చుక్కనే చూడాలి, చుట్టూ ఎక్కడ వెలుగు మెరిస్తే అప్పుడు బటన్ నొక్కాలి అన్నారు. నొక్కాను. నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ ఆగిపోయిందమ్మా అన్నాను.

ఆగలేదండీ, నడుస్తోంది, మీరు చూడండి అంది మిషన్ దగ్గరున్న అమ్మాయి.

గిన్నెలోనే కళ్లు మూసుకుని అమ్మ పేరు ఒకసారి తలుచుకుని మళ్లీ తెరిచాను. అంతే. ఇంకేం చేయగలను.

నీటికాసులు, గ్లకోమా అంటారు అన్నాడు డాక్టరు. కంట్లో ఒత్తిడి పెరిగి వెనక నరం కొంచెం కొంచెం చచ్చిపోతుందట. నొప్పి ఉండదు. ఒక కంట్లో పోయినదాన్ని రెండో కన్ను కప్పిపుచ్చుతుంది, అందుకే తెలియదట. నాకు రెండింటికీ ఉంది, ఎడమదానికి ఎక్కువ. పోయింది రాదు. చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలబడుతుంది. మానితే అదీ పోతుంది.

బయటికొస్తుంటే వెనక్కి పిలిచి అడిగాడు. మీ తోడబుట్టినవాళ్లు ఉన్నారా? వాళ్లనూ చూపించండి, ఇది వంశంలో వస్తుంది.

ఆ మాట మిషన్ కన్నా ఎక్కువ భయపెట్టింది.

25 జూలై, శుక్రవారం. శ్రావణం మొదలు.

ఎవరికీ చెప్పలేదు. చుక్కల సీసా దేవుడి గూట్లో, కుంకుమ భరిణె వెనక పెట్టాను. శ్రావణం వెళ్లాక చెబుతాను. ఇప్పుడు చెబితే రేపటి నుంచి నూలు చిలప నా దగ్గరికి రాదు. పెద్దక్కను కూర్చోనివ్వండి అంటారు. ప్రేమతోనే అంటారు. ఆ కూర్చోవడం నాన్న కూర్చున్నాడు.

తమ్ముడికి నలభై దాటింది. చెల్లికి నలభై దగ్గర పడింది. ఒక్క నెలలో ఏమైపోతుంది?

అమ్మ ముఖం చూడలేకపోయాను ఇవాళ.

29 జూలై

ఊదా అంచు చీరలు పెడన నుంచి వచ్చాయని కొట్టుకు వెళ్లాను. మగ్గం మీద నిజంగా నేశారు. ఒకవైపు వంకాయ, ఒకవైపు ఊదా. బాగున్నాయి. నాకు కనబడని దాన్ని నేసి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి నా చేతిలో పెట్టారు.

వేణు ఎవరికో చీరలు విప్పి చూపిస్తున్నాడు. వాడి ఎడమ పక్కనున్నావిడ ఏదో అడిగింది. వేణు మెడ మొత్తం తిప్పి చూశాడు.

ఎదురుగా నిలబడి అలాగే చూస్తూ ఉండిపోయాను. మళ్లీ తిప్పాడు. నాన్న తిప్పినట్టే.

30 జూలై

పొద్దున్నే వేణును ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. తెల్లటి బొమ్మ మీద మధ్యలో ఎర్ర చుక్క, నాలుగు మూలలా నాలుగు నల్ల చుక్కలు పెట్టాను. ఎర్ర చుక్క మీంచి చూపు తిప్పకు, ఎన్ని నల్ల చుక్కలున్నాయో చెప్పు అన్నాను.

ఫోటోలు దిద్దమంటే బడి పెట్టావేంటక్కా అన్నాడు. నాలుగు అన్నాడు. ఎడమ కన్ను మూయించాను. నాలుగు. కుడి కన్ను మూయించాను. మూడు అని, కాదు కాదు నాలుగు, ఇదిగో ఇప్పుడు కనబడింది అన్నాడు.

చూపు తిప్పావు అన్నాను.

తిప్పకుండా మళ్లీ చూశాడు. చాలాసేపు చూశాడు. నవ్వు పోయింది. అక్కా, ఆ మూల చుక్క పెట్టావా లేదా అని అడిగాడు. చిన్నప్పుడు చీకట్లో నన్ను పిలిచిన గొంతు అది.

దేవుడి గూట్లోంచి సీసా తీసుకొచ్చి బల్ల మీద పెట్టాను. మొత్తం చెప్పాను. దీపం, ముగ్గు, బైకు, అంచు. వారం రోజులు దాచానని కూడా చెప్పాను.

ప్రత్యూష కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. ముందు నన్ను తిట్టింది. మేం మనుషులం కామా వదినా, ఆ బైకు గుద్దేస్తే ఎవరికి చెప్పుకునేవాళ్లం అంది. ఆ తర్వాత, అయితే ఊరంతా ఎగబడి కొంటున్న ఆ డిజైను మీది కాదన్నమాట, మీ రోగానిది అంది. నవ్వబోయి ఏడ్చేసింది. కాఫీ గ్లాసు వేణు చేతిలో పెట్టి, తీసి, మళ్లీ వాడి చేతిలోనే పెట్టింది, ఏం చేస్తోందో తెలియక.

నాగదుర్గకు ఫోన్ చేశాను. దుర్గాశంకర్ ఇవాళే తీసుకొస్తానన్నాడు.

1 ఆగస్టు

ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మధ్యలో నేను. చిన్నప్పుడు బడికి ఇలాగే తీసుకెళ్లేదాన్ని. నాగదుర్గ నా కొంగు పట్టుకుంది. పేరు పిలిచినా వదల్లేదు.

నాగదుర్గ కళ్లు బాగున్నాయి. ఏటేటా చూపించుకుంటే చాలు.

వేణుకు ఉంది. మొదట్లోనే ఉంది. ఎడమ కంట్లో కొద్దిగా. ఇప్పుడే వచ్చారు కాబట్టి సరిపోయింది, ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే అన్నాడు డాక్టరు. నేను దాచిన ఆ వారం రోజులు లెక్కపెట్టుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వేణు, మగ్గం చూసేది ఇక ఎవరక్కా అన్నాడు. నేనే అన్నాను. రంగు మధ్యలో పెట్టుకుని చూస్తాను, మధ్యన ఇంకా బాగానే ఉంది. అంచులు నాగదుర్గ చూస్తుంది. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది. నాదో వాడిదో.

5 ఆగస్టు

కొత్త చీరలు. మూడేసి ఫోటోలు తీసి లూమినెన్స్‌లో కలిపాను. కొన్నది ఉన్నా ఈ ఉచితందాని మీదికే చెయ్యి పోతోంది. ఇప్పుడు నా ఎడమ పక్క ప్రత్యూష కూర్చుంటుంది. ఆ మూల ఎలా ఉంది అని అడుగుతాను. బాగుంది వదినా, ముట్టుకోకండి అంటుంది. బ్రష్ కిందపెట్టేస్తాను. ఒక్కోసారి అలా పెట్టేయడానికి చాలాసేపు పడుతుంది.

ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చుక్కలు. వేణు నాకు వేస్తాడు. నేను వేణుకు వేస్తాను. ఇద్దరికీ ఇంకా గురి కుదరలేదు. సగం చెంప మీదికి పోతుంది.

8 ఆగస్టు, వరలక్ష్మీ వ్రతం

అమ్మవారికి ఊదా అంచు చీర కట్టాం. దీపాలు వెలిగించి అమ్మ ముఖం చూస్తూ కూర్చున్నాను.

ఎడమ దీపం? అని అడిగాను.

వెలుగుతోంది పెద్దక్కా అంది నాగదుర్గ.

నేను తల తిప్పలేదు.